చిత్త కార్తె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చిత్త కార్తె గారి సముఖానికి,

నమస్కారాలు. రోహిణి గారికి రోళ్లు పగలగొట్టిన ఖ్యాతి ఉంది. మృగశిర గారికి చేపల కూర ఉంది. మీకు మాత్రం మా తెలుగువాళ్లం కుక్కల్ని అంటగట్టాం. "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే" అంటూ పంట కోసం మిమ్మల్ని తలచుకున్న రోజులు పోయాయి. అక్టోబరు రెండో వారంలో మీరు గడప తొక్కగానే జనం చూసేది చేను వైపు కాదు, వీధి మలుపు వైపు.

ముందు లెక్క తేల్చుకుందాం. మీ ఏలుబడి 13, 14 రోజులు. ఆడకుక్క ఎదకొస్తే ఆ వ్యవహారం సుమారు మూడు వారాలు. అంటే మీ పదవీకాలం ఒక్క కుక్క కథకే చాలదు. పెంపుడు కుక్కలైతే పంచాంగమే చూడవు, ఏడాదికి ఇంచుమించు రెండుసార్లు ఏ నెలలోనైనా ఎదకొస్తాయి. మీ పరువు నిలబెడుతున్నవి వీధికుక్కలే. వాటిలో చాలావరకు వానలు వెనకపట్టాక జతకట్టి చలికాలంలో ఈనుతాయి. మగవాటికి విడిగా కాలమంటూ లేదు. ఎదకొచ్చిన ఆడకుక్క మూత్రం వాసన ఎప్పుడు తగిలితే వాటికి అప్పుడే చిత్త.

అసలు సంగతి ఇది. ఎదకొచ్చిన మొదటి వారం, పది రోజులు ఆడకుక్క ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. వెంటపడినవాడికి పళ్లు చూపిస్తుంది, అవసరమైతే మూతి మీద ఒకటి పెడుతుంది. వాడికి అర్థమవుతుంది. తన రోజు వచ్చాక తోక పక్కకు తీసి తనే నిలబడుతుంది, నచ్చనివాణ్ని ఆ రోజు కూడా తరిమేస్తుంది. వద్దంటే వద్దని తెలిసిన ఆ జీవి పేరును మావాళ్లు తీసుకెళ్లి, బస్టాపులో ఆడపిల్లల వెంటపడే పోకిరీకి పెట్టారు: "చిత్తకార్తె కుక్క!" వాడికి 27 కార్తెలూ చిత్తేనండీ. మధ్యలో మీకెందుకు నింద, కుక్కకెందుకు శిక్ష?

శిక్ష అన్నది ఊరికే వాడిన మాట కాదు. జతకట్టాక మగకుక్క అంగం మొదలు దగ్గర ఉబ్బు వస్తుంది, ఆడకుక్క కండరాలు బిగుసుకుంటాయి. అది దిగేదాకా, ఐదు నిమిషాలో అరగంటో, రెండూ తోకలు కలిపి చెరో దిక్కు చూస్తూ నిలబడాలి. విడిపోవడం వాటి చేతుల్లో లేదు. సరిగ్గా అప్పుడే మా కాలనీలో సంఘసంస్కర్తలు మేల్కొంటారు. ఒకాయన కర్ర, ఒకాయన బకెట్టు నీళ్లు, పిల్లల చేతుల్లో రాళ్లు. బలవంతంగా లాగితే రెండింటికీ గాయాలవుతాయని వీళ్లకు చెప్పేదెవరు? పాతిక నిమిషాలు అటు చూడకుండా ఉండటం కష్టమట. రాత్రి రెండింటికి పెళ్లి ఊరేగింపు డీజేకి మాత్రం వీళ్లే తలుపులు వేసుకుని సర్దుకుంటారు.

తర్వాతి కథ మీ వారసుల హయాంలో నడుస్తుంది. కడుపు 63 రోజులు కాబట్టి డిసెంబరులో పిల్లలు. ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగు, ఒకటి మచ్చలది అయినా పంచాయితీ పెట్టే అలవాటు కుక్కల్లో లేదు. సంక్రాంతి దగ్గరపడేసరికి పాలపళ్లు పొడుచుకొస్తాయి, మొత్తం 28. అవి గుచ్చుకుంటుంటే తల్లి పాలిస్తూ మధ్యలో లేచిపోవడం మొదలుపెడుతుంది. ఉగాది తర్వాత ఆ పళ్లు ఊడి, మృగశిర దాటేలోపు 42 శాశ్వత పళ్లు దిగుతాయి. ఆ మూడు నెలలూ చిగుళ్లు సలుపుతాయి. గుమ్మం ముందున్న చెప్పుల్లో మెత్తనిదీ, మన చెమట వాసన కొట్టేదీ ఎంచి మరీ నములుతాయి. మన బుజ్జిగాడు రిమోట్ కొరికితే "పళ్లొస్తున్నాయి పాపం" అంటాం, కుక్కపిల్ల చెప్పు కొరికితే "దీనికి పిచ్చెక్కింది, మున్సిపాలిటీకి ఫోన్ చేయండి" అని గ్రూపులో మెసేజ్ పెడతాం. ఒక తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే దాని నొప్పీ తగ్గుతుంది, మన చెప్పులూ మిగులుతాయి.

మీ అధికారానికి కత్తెర పెట్టిన చట్టం కూడా ఉంది. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2001లో వచ్చాయి, 2023లో కొత్తవి రాశారు. వాటి ప్రకారం కుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలి. మా వీధిలో మాత్రం చెవికి కోత ఉన్న కుక్క ఒక్కటీ కనిపించదు. కాగితం మీది కత్తెర చెవి దాకా రాలేదు కాబట్టి, ఈ ఏడాదికి మీ కొలువు పదిలం.

ఇక నా మనవి. మీరూ మా వీధి ఆడకుక్కా కలిసి ఆ తిట్టు మీద పరువునష్టం దావా వేయండి. వకాలత్నామా మీద ఆవిడ కాలిముద్ర నేనే వేయిస్తాను. ప్రతివాదుల జాబితా కాస్త పొడుగవుతుంది, స్వాతి గారినీ విశాఖ గారినీ రాతపనికి పిలవాల్సి రావచ్చు.

ఇట్లు,
చెప్పులు ఇంట్లోనే దాచుకునే మీ విధేయుడు