'హైడా స్టైల్' వుడ్‌బర్నింగ్ పెన్నుకు ఒక బహిరంగ లేఖ

శ్రీ వుడ్‌బర్నింగ్ పెన్ను గారికి,

'గారు' అన్నది పై లైను వరకే, ఇక్కణ్ణుంచి నువ్వే. నీ పుట్టుక నాకు తెలుసు. సోల్డరింగ్ ఐరన్‌కి దగ్గర చుట్టానివి, రేడియో రిపేరు షాపులో వైర్లు అతికించాల్సిన వంశంలో పుట్టి చెక్క మీద గద్దల్ని కాల్చే ఆర్టిస్టువయ్యావు, సంతోషం. పెంపుడు కుక్క బొమ్మ కాల్చుకో, గుమ్మానికి నేమ్‌ప్లేట్ కాల్చుకో, ఎవరూ ఏమీ అనరు. నా గొడవంతా నువ్వు చెక్క మీద కాల్చి అమ్మకానికి పెట్టే ఆ 'హైడా స్టైల్ వైల్డ్‌లైఫ్' జంతువుల బొమ్మల గురించే.

హైడా అంటే ఏదో ఫాంట్ పేరో, రంగుల కంపెనీ పేరో అనుకుంటున్నట్టున్నావు. కెనడా పడమటి తీరానికి అవతల, అలాస్కాకి కొంచెం దిగువన హైడా గ్వాయ్ అని దీవులున్నాయి, 2010 దాకా మ్యాపుల్లో వాటికి క్వీన్ షార్లెట్ అనే పేరుండేది. ఆ దీవుల మనుషులు హైడాలు. సెడార్ మాను మీద బాడిసతో, వంకర కత్తితో చెక్కుతారు. కాల్చడం వాళ్ల పద్ధతి కాదు, ఆ కాల్చే ఆలోచన పూర్తిగా నీదే, ఆ ఘనత నీకే ఇచ్చేస్తున్నాను.

సరే, గీత సంగతికొద్దాం. నువ్వు చేసేది ఏమిటంటే, ముందు అవుట్‌లైన్ కాల్చడం, తర్వాత లోపల ఎరుపూ నలుపూ నింపడం, పిల్లల కలరింగ్ బుక్కులో చేసే పని. హైడా బొమ్మలో అవుట్‌లైన్ అనేదే లేదు. నల్లటి గీత ఒకచోట లావెక్కి, మలుపు దగ్గర సన్నబడి, ఇంకో గీతలోకి జారుకుని, ఎక్కడా తెగకుండా బొమ్మంతా అల్లుకుపోతుంది, జంతువు శరీరమే ఆ గీత. 1965లో బిల్ హోమ్ అనే పరిశోధకుడు దానికి ఫార్మ్‌లైన్ అని పేరుపెట్టి వివరించాడు. కంటికీ కీళ్లకీ ఓవాయిడ్లు, చెవికీ ఈకలకీ యూ ఆకారాలు, గీతల మధ్య మిగిలే ఖాళీకి కూడా ఒక లెక్క ఉంటుంది. ఓవాయిడ్ అంటే పైగీత ఉబ్బి, కిందిగీత చదునుగానో కాస్త లోపలికో ఉండి, మూలలు మెత్తబడిన ఆకారం. నువ్వు గీసేవి మాత్రం పక్కా కోడిగుడ్లు. నీ ఇబ్బంది నాకూ అర్థమవుతుందిలే, నీ నిబ్ ఎంత లావో గీతా అంతే లావు, ఇంకొంచెం లావు చేద్దామని ఒకచోట ఆగావంటే అక్కడ నల్లగా మాడిన చుక్క పడుతుంది.

బిల్ రీడ్ అని ఒక శిల్పి ఉండేవాడు, తల్లి హైడా. రేడియోలో అనౌన్సర్‌గా పనిచేస్తూ నగల పని నేర్చుకుని, పెద్దవాళ్ల పనితనాన్ని, ముఖ్యంగా తమ వంశంలోని చార్లెస్ ఎడెన్‌షా చేసిన వస్తువుల్ని చూసి చూసి ఏళ్ల తరబడి ఈ గీతల వ్యాకరణం పట్టుకున్నాడు. నీకు ఒక ట్రేసింగ్ పేపరు, ఒక ఆదివారం సాయంత్రం సరిపోయాయి.

ఆ జంతువుల గొడవ చూద్దాం. నీకు కాకి కాకే, గద్ద గద్దే, ఏది బాగా అమ్ముడుపోతే అది. హైడా సమాజం మొత్తం రెండు పక్షాలు, బొంతకాకి పక్షం, గద్ద పక్షం. పక్షం తల్లి నుంచి వస్తుంది, ఆచారం ప్రకారం పెళ్లి అవతలి పక్షం వాళ్లతోనే. మన దగ్గర గోత్రం లాంటిదే అనుకో, కాకపోతే వీళ్లు దాన్ని స్తంభం మీద, ఇంటి ముఖం మీద, పడవ మీద అందరికీ కనిపించేలా చెక్కుకుంటారు. ఏ జంతువు చిహ్నం ఏ కుటుంబానిదో లెక్క ఉంది, ఇంకొకళ్లు వాడుకోకూడదు. బొమ్మలో కాకి ముక్కు తిన్నగా ఉంటుంది, గద్ద ముక్కు కిందికి వంగుతుంది. నువ్వేమో కాకిని మొదలుపెట్టి, చెక్కలో ముడి అడ్డొచ్చిందని ముక్కు చివర వంచేశావు. అంటే ఒక్క సెకనులో దాని పక్షం మార్చేశావు! పెళ్లి సంబంధాలు చెడగొట్టేవాళ్లను చాలామందినే చూశాను గానీ, కరెంటు ప్లగ్గుతో చెడగొట్టినవాణ్ణి నిన్నే చూడటం.

ఇవి చాలవన్నట్టు హైడా స్టైల్ పులి, హైడా స్టైల్ నెమలి, హైడా స్టైల్ ఏనుగు. ఆ దీవుల్లో పులి ఎక్కడిది నాయనా? దాని పక్కనే డ్రీమ్‌క్యాచర్, అదే ఈకలు వేలాడే వల చక్రం, ఒకటి. అది గ్రేట్ లేక్స్ వైపు ఉండే ఓజిబ్వే అనే వేరే ఆదివాసులది, ఒకరు ఖండం పడమటి తీరాన, ఇంకొకరు ఎక్కడో లోపల. నీకు మాత్రం అందరూ ఒకటే, ఈకలుంటే చాలు.

రంగుల దగ్గర నీ ఇన్‌స్పిరేషన్ ఎక్కడ ఆగిపోయిందో గమనించావా? పాతరోజుల్లో అక్కడి చిత్రకారులు సాల్మన్ చేపగుడ్లను సెడార్ బెరడుతో కలిపి నోట్లో నమిలి, ఆ రసంలో రంగుపొడి కలిపి వేసేవాళ్లు. ఇప్పటిదాకా నీ అభిమానుల్లో ఒక్కడూ ఆ చేపగుడ్ల నుంచి స్ఫూర్తి పొందినట్టు వినలేదు. అందరికీ అక్రిలిక్ ట్యూబే కావాలి.

ఇంకో విషయం, ఇక్కడ నాకు నవ్వు రాదు. 1862లో కెనడా పడమటి తీరంలోని విక్టోరియా ఊళ్లో మశూచి మొదలైతే, అధికారులు ఉత్తరాది నుంచి వచ్చిన ఆదివాసుల్ని అక్కణ్ణుంచి తరిమేశారు, జబ్బు వాళ్ల పడవలెక్కి ఊరూరికీ పోయింది. వేలల్లో ఉన్న హైడాలు 1900 నాటికి సుమారు 600 మంది మిగిలారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, స్తంభాలు మ్యూజియాలకు వెళ్లిపోయాయి. స్తంభం నిలబెట్టి, ఊరంతటినీ పిలిచి, ఎవరి చిహ్నం ఎవరిదో సాక్షుల ముందు చెప్పే పాట్‌లాచ్ వేడుకను 1884లో చట్టం చేసి నిషేధించారు, 1951 దాకా ఎత్తలేదు. హైడా గ్వాయ్‌లోని మాసెట్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ అనే హైడా కుర్రాడు 1969లో ఒక స్తంభం నిలబెట్టాడు, ఆ ఊళ్లో దాదాపు శతాబ్దంలో అదే మొదటిది. సొంతవాళ్లకే అంతకాలం దొరకనిది నీకు ఉచిత డౌన్‌లోడ్‌గా దొరుకుతోంది.

ఇలా తీసుకోవడం నీతో మొదలైందని కూడా అనను. సియాటెల్‌లో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే పయొనీర్ స్క్వేర్‌లో టోటెం స్తంభం ముందు ఫొటో తీస్తుంటారు కదా. 1899లో సియాటెల్ పెద్దమనుషులు ఓడలో అలాస్కా షికారుకెళ్లి, ట్లింగిట్ అనే అక్కడి ఆదివాసుల టాంగస్ గ్రామంలో మనుషులు లేని సమయం చూసి ఒక స్తంభాన్ని నరికి, రెండు ముక్కలుగా కోసి తెచ్చి అక్కడ నిలబెట్టారు. 1938లో ఎవరో దానికి నిప్పు పెట్టారు. అదీ వుడ్‌బర్నింగే మరి, నీ ముత్తాతల చరిత్రలో రాసుకో. ఇప్పుడున్నది దాని బదులు ట్లింగిట్ శిల్పులు మళ్లీ చెక్కింది.

కొత్త పనిముట్టు అని నీమీద కోపమనుకోకు. హైడాలు 1820ల నుంచే ఆర్జిలైట్ అనే నల్లరాయిని చెక్కి ఓడల వాళ్లకు అమ్మారు, బేరం వాళ్లకు కొత్తకాదు. రీడ్ కంచులో పోతపోశాడు, డేవిడ్‌సన్ అల్యూమినియం వాడాడు, మైఖేల్ నికోల్ యాగులానాస్ జపాన్ మాంగా బాణీలో హైడా మాంగా అని కామిక్సే మొదలుపెట్టాడు. రేపు ఒక హైడా అమ్మాయి నిన్ను చేతిలోకి తీసుకుని తన కుటుంబ చిహ్నాన్ని కాల్చిందనుకో, మొదటి చప్పట్లు నావే. పనిముట్టుది ఏముంది, బొమ్మ ఎవరిదన్నదే కదా పేచీ.

కాబట్టి కాకిని కాల్చు, మన కరెంటు తీగ మీద కూర్చునే కాకినే కాల్చు, ముక్కు ఎటు కావాలంటే అటు తిప్పుకో. ఇప్పటికే అమ్మకానికి పెట్టిన చెక్కల మీద కింద మూలన 'హైడా' అని కాల్చావు చూడు, ముందు అది తీసెయ్. నీ గీత లోతుగా దిగుతుంది, సన్న సాండ్‌పేపర్‌తో పోదు, 80 గ్రిట్‌తో మొదలుపెట్టి 220 దాకా రావాలి. మాస్కు పెట్టుకోమని నీ యజమానికి చెప్పు, ఆ పొడి గొంతులో పడితే వారం దగ్గు.

ఇట్లు,
నీ పొగ వాసనకు కిటికీలు మూసుకునే పక్కింటివాడు