‘ఐదు వేలు కడితే నువ్వూ కార్పొరేటర్ అభ్యర్థివే’ అన్న మెసేజ్‌కు జవాబు

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. కాలనీ సంఘాల గ్రూపుల్లో, ఆఫీసు గ్రూపుల్లో, చదువుకున్న స్నేహితుల దగ్గర్నుంచి కూడా అదే వస్తోంది. చూడనివాళ్ల కోసం సారాంశం ఇది: మీ డివిజన్‌లో ఉప ఎన్నిక వస్తే మీరే నిలబడండి. ఓటరు కార్డు, ఐదు వేల డిపాజిట్ చాలు. గ్రేటర్ హైదరాబాద్‌లో ఎక్కడ ఓటున్నా ఏ డివిజన్‌కైనా పోటీ చేయొచ్చు. ఫారంలో తెలియని గళ్లు ఖాళీగా వదిలేయండి. వెయ్యి ఓట్లొస్తే డిపాజిట్ వెనక్కి. గెలిస్తే ఐదేళ్లు పదవి. పేరు ‘అ’తో మొదలైతే బ్యాలెట్‌లో మొదటి స్థానం. పోలింగ్ కేంద్రంలో కూర్చునే ఏజెంట్లు దండగ. ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లు 49ఏ కింద ‘చాలెంజ్ ఓటు’ వేయొచ్చు, టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్. నోటాకు ఎక్కువొస్తే ఎన్నిక రద్దు. ఓడిపోతే ఖర్చు లెక్కలు ఇవ్వక్కర్లేదు. రూల్సన్నీ మామూలు మనిషిని రానివ్వకుండా పెట్టినవే, పట్టించుకోకండి.

దీన్ని నమ్మి నిలబడేది ఎవరు? పార్టీ టికెట్ ఉన్నవాళ్లు కాదు, వాళ్లకు చెప్పేవాళ్లుంటారు. బస్తీలో నాలా పూడిక కోసమో, డ్రైనేజీ పొంగు మీదో నాలుగేళ్లు సర్కిల్ ఆఫీసు చుట్టూ తిరిగి, ‘ఇక నేనే నిలబడతా’ అనుకున్న మనిషి నమ్ముతాడు. దెబ్బ కూడా ఆ మనిషికే తగులుతుంది. కింద చెప్పే అంకెలు 2020 గ్రేటర్ ఎన్నికలవి. ఉప ఎన్నిక నోటిఫికేషన్ రాగానే దానితో సరిచూసుకోవాలి.

చిన్నవి ముందు తీసేస్తాను.

‘అ’ చిట్కా పనిచేయదు. బ్యాలెట్‌లో ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, ఆ తర్వాతే ఇండిపెండెంట్లు. అక్షర క్రమం ఆ వరుసలోపలే. పైనుంచి ఎనిమిదో పేరా, తొమ్మిదో పేరా అన్న తేడా కోసం పేరు మార్చుకుంటే, ఓటరు జాబితాలో ఒక పేరు, నామినేషన్‌లో ఇంకో పేరు పడి పరిశీలన నాడు ఇబ్బంది వస్తుంది.

ఐదేళ్ల పదవి కూడా తప్పే. ఉప ఎన్నికలో గెలిస్తే పాలకమండలికి మిగిలిన కాలమే దక్కుతుంది. లింగోజిగూడలో 2020 డిసెంబరులో గెలిచిన కార్పొరేటర్ ప్రమాణ స్వీకారానికి ముందే మరణించారు. 2021 ఏప్రిల్ 30న ఉప ఎన్నిక జరిగింది, కాంగ్రెస్ అభ్యర్థి గెలిచారు. ఆ ఖాళీ మొదట్లోనే వచ్చింది కాబట్టి దాదాపు పూర్తి కాలం దక్కింది. నాలుగో ఏట వచ్చే ఖాళీలో నిలబడేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి. రిజర్వేషన్ కూడా పాతదే ఉంటుంది. మహిళకు కేటాయించిన డివిజన్ ఉప ఎన్నికలోనూ మహిళదే.

నోటా సంగతి. నోటాను ఒక అభ్యర్థిలా లెక్కించే పద్ధతిని హర్యానా, మహారాష్ట్రల రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో తమ స్థానిక ఎన్నికలకు పెట్టుకున్నాయి. ఆ వార్తను తెచ్చి మన డివిజన్‌కు అతికించారు. మన గ్రేటర్ ఎన్నికల్లో అలాంటి నిబంధన లేదు.

ఏ డివిజన్‌కైనా పోటీ చేయొచ్చన్నది నిజం. కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటున్నా, 21 ఏళ్లు నిండితే, ఏ డివిజన్‌కైనా నామినేషన్ వేయొచ్చు. కానీ మెసేజ్ సగమే చెప్పింది. ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ డివిజన్ ఓటరే అయి ఉండాలి. అక్కడ కిరాయికి ఉంటున్న బావమరిది ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంటే అతని సంతకానికి విలువ లేదు. వార్డు జాబితాలో భాగం నంబరు, వరుస నంబరు మీ కళ్లతో చూశాకే సంతకం చేయించండి. వేర్వేరు ప్రతిపాదకులతో రెండు సెట్ల నామినేషన్ పత్రాలు వేయండి. ఒకటి తిరస్కరించినా రెండోది నిలుస్తుంది.

డిపాజిట్ 2020లో జనరల్‌కు 5,000, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 2,500. వెనక్కి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. అప్పుడు 150 డివిజన్లలో 74 లక్షలకు పైగా ఓటర్లున్నారు, సగటున డివిజన్‌కు 50 వేలు. పోలింగ్ 46 శాతం పైచిలుకు. అంటే ఒక డివిజన్‌లో పడేది దాదాపు 23 వేల ఓట్లు, అందులో ఆరో వంతు 3,800. మెసేజ్ చెప్పిన వెయ్యి ఓట్లు ఎక్కడ, 3,800 ఎక్కడ? ఐదు వేలు పోతే కొంప మునగదు. కానీ వెయ్యి ఓట్ల లెక్క పెట్టుకున్నవాళ్లు నాలుగు గల్లీలు తిరిగి ఇక చాలనుకుంటారు, నష్టం అక్కడే జరుగుతుంది.

ఇప్పుడు ఖాళీ గళ్ల సంగతి. నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు తెలిపే ప్రమాణ పత్రంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీలు వదిలిన ప్రమాణ పత్రంతో, గుర్తుచేసినా నింపకపోతే, నామినేషన్‌ను తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అప్పు లేదా? ‘లేదు’ అని రాయండి. కేసులు లేవా? ‘లేవు’ అని రాయండి. గీత గీయడం, చుక్క పెట్టడం వద్దు. భార్య లేదా భర్త పేరిట ఉన్న బంగారం, చిట్టీలు, ఊళ్లో ఉమ్మడి భూమిలో వాటా ఎక్కువగా మర్చిపోయేవి. రిజర్వుడు డివిజన్ అయినా, తగ్గింపు డిపాజిట్ కట్టినా కుల ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ‘ఆర్వో (రిటర్నింగ్ అధికారి) అడిగితే చూసుకోవచ్చు’ అనుకుంటే ఆ చూసుకునే సమయం ఎంతో తెలుసా? 2020లో నామినేషన్లకు నవంబరు 18, 19, 20, మూడంటే మూడు రోజులు. 21న పరిశీలన. చివరి రోజు మధ్యాహ్నం లైన్లో నిలబడి కాగితాలిచ్చేవాళ్లకు తప్పు దిద్దుకునే వీలెక్కడిది? మొదటి రోజే వేయండి. ఆస్తి పన్ను రసీదు కూడా ఫైల్లో పెట్టుకోండి.

49ఏ చాలెంజ్ ఓటు. ప్రతి ఎన్నికకూ వచ్చే అబద్ధం ఇది, ఎన్నిసార్లు చెప్పినా చావదు. 49ఏ అనేది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల నిర్వహణకు 1961లో చేసిన నియమాల్లో ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెప్పే నియమం. అందులో ఎవరికీ ఓటు హక్కు ఇచ్చే మాటే లేదు. పైగా 2020లో మన దగ్గర ఓటేసింది బ్యాలెట్ కాగితం మీద! చాలెంజ్ అంటే ఓటరు చేసేది కాదు, ‘ఈ మనిషి అసలు ఓటరు కాదు’ అని పోలింగ్ ఏజెంటు అభ్యంతరం చెప్పడం. జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించినా, ఏడ్చినా, అరిచినా ఓటు లేదు. టెండర్ ఓటు మాత్రం నిజం. మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే, మీరెవరో రుజువు చేసుకున్నాక ఇచ్చే ఓటు అది. దాన్ని కవరులో విడిగా ఉంచుతారు, మామూలు లెక్కింపులో కలపరు. ఎన్నిక మీద కోర్టుకెళితేనే దాని అవసరం వస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక్క ఓటుతో ఫలితం తేలినప్పుడు టెండర్ ఓట్ల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 14 శాతం అనే గీత ఏ నియమంలోనూ లేదు. అభ్యర్థి చేయాల్సింది వేరే ఉంది. వార్డు జాబితా కాపీ చేతికి రాగానే మీ మద్దతుదారుల పేర్లు ఇంటింటికీ సరిచూడాలి. అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొడతారు కాబట్టి ఒకే అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లు పక్క డివిజన్‌లో పడుతుంటాయి. పోలింగ్ నాడు చాలెంజ్ ఓటు ఉందిలే అని ధీమాగా ఉన్నవాళ్లు ఈ పని చేయరు.

ఏజెంట్లు దండగా? 2020లో 9,101 పోలింగ్ కేంద్రాలు, డివిజన్‌కు సగటున 60. ఇండిపెండెంటుకు అరవై మంది దొరకడం కష్టమని నాకూ తెలుసు. దొరికినంతమందినే పెట్టండి, కానీ పెట్టండి. ఆ ఎన్నికలోనే ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. కంకి కొడవలి ఉండాల్సిన చోట సుత్తి కొడవలి నక్షత్రం. పోలింగ్ ఆగి డిసెంబరు 3న మళ్లీ జరిగింది. నేరేడ్‌మెట్‌లో స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్రతో ఓట్లు పడ్డాయి, అవి చెల్లుతాయా లేదా అన్న గొడవ హైకోర్టుకెళ్లింది. 4న రావాల్సిన ఫలితం 9న వచ్చింది. బీఎన్ రెడ్డి నగర్‌లో తేడా 32 ఓట్లు. ఏజెంటు చేయాల్సిన పని కూడా కొండలెత్తేది కాదు. ఏడింటికి ముందే వెళ్లి ఖాళీ పెట్టె చూడాలి. సీలు నంబరు రాసుకోవాలి. మొదటి బ్యాలెట్ క్రమసంఖ్య, ముగిసేసరికి చివరిది నోట్ చేయాలి. ఓటరు చేతికి ఇస్తున్నది ఏ ముద్రో ఒకసారి చూడాలి. సాయంత్రం బ్యాలెట్ లెక్క పత్రం కాపీ తీసుకోకుండా కదలకూడదు. నియామక పత్రంలో అభ్యర్థి సంతకం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, అందుకే ముందు రాత్రే అన్నిటి మీదా సంతకాలు పెట్టి పంచేయాలి.

ఇక అన్నిటికంటే చెడ్డది. ‘ఓడిపోతే ఖర్చు లెక్కలు ఇవ్వక్కర్లేదు.’ ఇది రాసినవాళ్లు ఎంతమంది భవిష్యత్తుతో ఆడుకుంటున్నారో తెలుసా? బరిలో నిలిచిన ప్రతి అభ్యర్థీ, గెలిచినా ఓడినా, పన్నెండు ఓట్లే వచ్చినా, ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా లెక్కలు ఇవ్వాలి. 2020 డిసెంబరు 4న ఫలితం వచ్చినవాళ్లకు గడువు 2021 జనవరి 18. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. ఉప ఎన్నికలో ఇది మరింత ప్రమాదం. పాలకమండలి గడువు సగం గడిచాక ఉప ఎన్నిక వస్తే, తర్వాత వచ్చే సాధారణ ఎన్నిక సరిగ్గా ఆ మూడేళ్లలోనే పడుతుంది. మొదటిసారి నిలబడి తొమ్మిది వందల ఓట్లు తెచ్చుకుని, గల్లీల్లో ముఖం తెలిసి, రెండోసారి నిజంగా పోటీ ఇవ్వగలిగే దశకు వచ్చిన మనిషి నామినేషన్ వేయడానికే వీల్లేకుండా పోతాడు. చేసిన తప్పల్లా ఒక ఫార్వర్డ్‌ను నమ్మడం.

లెక్క నామినేషన్ వేసిన రోజు మొదలై ఫలితం రోజుతో ముగుస్తుంది. 2020లో పరిమితి 5 లక్షలు. కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఆటో, మైకు, టీ టిఫిన్లు, ఫేస్‌బుక్ ప్రకటనలు, ఏజెంట్ల భోజనాలు అన్నీ ఇందులోకే వస్తాయి. స్నేహితుడు కారు ఊరికే ఇచ్చాడా? మార్కెట్ అద్దె లెక్కగట్టి అదీ రాయాలి. కరపత్రం కింద అచ్చువేసినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఎన్నిక కోసమే వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుని డబ్బు దాని గుండానే నడిపితే సగం తలనొప్పి పోతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే చిల్లర ఖర్చుల్లో. మైకు అద్దెకిచ్చినవాడు బిల్లు ఇవ్వడు. టీకొట్టు దగ్గర బిల్లే ఉండదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ బిల్లు కాదు, దేనికి కట్టారో అది చెప్పదు. అలాంటి చోట మీరే వోచరు రాసి తేదీ, మొత్తం, పని, పుచ్చుకున్నవారి పేరు, ఫోను నంబరు వేసి సంతకం చేయించుకోవాలి. ప్రతి రాత్రీ పడుకునేముందు ఆ రోజు వోచర్లకు నంబర్లేసి రిజిస్టరులో ఎక్కించాలి. ‘ఎన్నిక అయ్యాక చూద్దాం’ అంటే అయ్యాక ఎవరూ ఉండరు. డబ్బులు చూసుకున్న కుర్రాడు ఉద్యోగానికి వెళ్లిపోతాడు, బిల్లులు అతని బండి డిక్కీలో ఉంటాయి, అభ్యర్థి నెలరోజులు ఎవరికీ ముఖం చూపించడు. 45 రోజులు అలాగే గడిచిపోతాయి. ప్రచార సమయంలో ఖర్చు పరిశీలకులు రిజిస్టరు తెమ్మంటారు. ఉప ఎన్నికలో ఉండేది ఒక్క డివిజనే కాబట్టి ప్రతి అభ్యర్థి మీదా చూపు ఎక్కువ. వెళ్లండి, అప్పుడే తప్పులు బయటపడితే మంచిది. చివరికి లెక్కలిచ్చినట్టు రసీదు తీసుకోండి. రూపాయి ఖర్చు పెట్టకపోయినా, ఖర్చు లేదని రాసివ్వాల్సిందే.

మెసేజ్‌లో చివరి మాట ఒకటి మిగిలింది, రూల్స్ మామూలు మనిషిని దూరం పెడతాయన్నది. దాన్ని ఖండించాలనే మొదలుపెట్టాను, కానీ ఖండించలేను. నామినేషన్లకు మూడు రోజులు, నోటిఫికేషన్ నుంచి పోలింగ్‌కు రెండు వారాలు అంటే పార్టీ ఆఫీసు, వకీలు, టైపిస్టు సిద్ధంగా ఉన్నవాళ్లకే సరిపోయే గడువు. తమ అధికారిక అభ్యర్థి ఎవరో తెలిపే బీ-ఫారం ఇవ్వడానికి పార్టీలకు ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా వ్యవధి ఉంది, ఇండిపెండెంటు కాగితాలకు ఆ వెసులుబాటు లేదు. ఇది అన్యాయమే. గడువు పెంచమని రాష్ట్ర ఎన్నికల సంఘానికి అర్జీ పెడితే నేనూ సంతకం చేస్తాను.

అయితే ‘పట్టించుకోకండి’ అన్న సలహా ఆ అన్యాయాన్ని రెట్టింపు చేస్తుంది. మీ డివిజన్ ఖాళీ అయిందన్న వార్త వచ్చిన వారమే, నోటిఫికేషన్ కోసం ఆగకుండా, కుల ధ్రువీకరణ పత్రానికి మీసేవలో దరఖాస్తు చేయండి. ఇద్దరు ప్రతిపాదకుల పేర్లు జాబితాలో చూసి పెట్టుకోండి. ఆస్తులు, అప్పుల వివరాలు తెల్లకాగితం మీద రాసుకోండి. బ్యాంకు ఖాతా తెరవండి. ఆ మూడు రోజులు మొదలయ్యేసరికి సంతకాలు తప్ప ఇంకేమీ మిగలకూడదు.