ఎనభై దాటితే కడుపు కోయించకూడదట!

మా పర్లాకిమిడి చుట్టాల గ్రూపులో మళ్ళీ అదే మెసేజ్. ఇచ్ఛాపురం బావ పెట్టాడు, గంట తిరక్కుండా బరంపురం పిన్ని పెట్టింది. "80 దాటినవాళ్ళకి పొట్ట ఆపరేషన్ వద్దు, మత్తిస్తే లేవరు, కుట్లు అతకవు, మతి పోతుంది, అంతా డబ్బు కోసమే. హెర్నియాకి, అదే పేగు జారి ఉబ్బినచోట, ఆముదం రాసి లోపలికి నొక్కి గుడ్డ బిగించి కట్టండి, చాలు."

కుట్లు అతుకుతాయి, కాస్త నిదానంగా. డబ్బంటారా, 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం ఉంది, ముందు అది తీయించండి. గజ్జల్లో హెర్నియాకి పూర్తి మత్తే అక్కర్లేదు, నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, ఆ చోటు వరకే తిమ్మిరెక్కించి కూడా చేస్తారు. వయసొక్కటే చూసి డాక్టర్లు వద్దనరు, మనిషి తనంతట తాను నడుస్తున్నాడా, ఈమధ్య చిక్కిపోయాడా, గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూస్తారు.

ఇక ఆ నొక్కుడు వైద్యం. ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఒకరోజు పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలయ్యాయంటే లోపల పేగు ఇరుక్కుంది. రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే కుళ్ళుతుంది. బలంగా నొక్కితే ఆ చచ్చిన పేగే లోపలికి పోవచ్చు, ఉబ్బు తగ్గిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, లోపల విషం ఎక్కుతూ ఉంటుంది. పెద్దవాళ్ళలో జ్వరం కూడా రాకపోవచ్చు. తాత పంచె ముడి వదులు చేసుకుని, పెట్టిన గంజి ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటే "గ్యాస్ పట్టిందిలే" అని సోడా తెస్తాం. ఆముదమే పేగుని బతికించేటట్టయితే బరంపురంలో మెడికల్ కాలేజీ ఎందుకు, గానుగ పెట్టుకుంటే పోయేది కదా! ముందే తీరిగ్గా చేయిస్తే చిన్న ఆపరేషన్, ఇలా ఆగి ఆగి అర్ధరాత్రి పరుగెత్తితే పేగు కోసి అతకాల్సి రావచ్చు, అప్పుడు ప్రాణానికి ప్రమాదం ఎన్నో రెట్లు. ఆయన పోతే "చూశారా, కోయించారు, పోయాడు" అని ఇంకో ఫార్వర్డు.

మతి సంగతి మాత్రం ఒట్టి అబద్ధం కాదు. ఆపరేషనయ్యాక కొందరు పెద్దవాళ్ళు మనుషుల్ని గుర్తుపట్టరు, రాత్రంతా ఏదో మాట్లాడతారు. చాలామందికి రోజుల్లో తగ్గుతుంది, కొందరు మునుపటిలా అవ్వరు. కళ్ళజోడు, చెవి మిషను దగ్గరుంచాలి, చుట్టూ ఒడియా మాటలే వినిపించే వార్డులో మన మామ్మ పక్కన తెలుగులో పలకరించే మనిషి ఒకరుండాలి. ఇంకో మాట. అప్పటికే మంచాన పడి, ముద్ద కూడా దిగని మనిషికి కోయకుండా నొప్పి తెలియకుండా చూసుకోవడమూ వైద్యమే. డాక్టరే ఆ మాట చెప్తే ఆయన మీద పడకండి. తెలివిలో ఉంటే ముందు ఆ పెద్దాయన్నే అడగండి, కోయించుకుంటావా అని. అది మీరూ తేల్చకూడదు, వాట్సాపూ తేల్చకూడదు.