కొనని జిప్సీ

పాత బండి కొనబోయేవాడు పొద్దున్నే వెళ్ళాలి. రాత్రంతా నిద్రపోయిన ఇంజనును ఇంకా ఎవరూ లేపకముందే దాని ముఖం చూడాలి. ఒకసారి వేడెక్కాక ఏ ఇంజనైనా మర్యాదగానే మాట్లాడుతుంది. ఈ రహస్యం తెలిసినవాడిని కాబట్టి నాలుగున్నరకే రాజమహేంద్రవరంలో బస్సెక్కి, భీమవరం అవతల రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఒక ఊళ్ళో దిగాను. వెంట మా బావమరిది. అతనికి బండ్ల గురించి ఏమీ తెలియదు. నాకు తెలిసినది వినడానికి ఒక మనిషి ఉండాలి కదా అని తీసుకెళ్ళాను.

చూడబోయేది మారుతి వారి చిన్న జీపు, జిప్సీ. దాని మీద నా మోజు ఈనాటిది కాదు. 1985లో ఆ బండి మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. తరువాత దాన్ని సైన్యం వాడింది, పోలీసులు వాడారు, ర్యాలీలలో కుర్రాళ్ళు గాలిలోకి ఎగరేశారు. నేను మాత్రం గోడ మీద బొమ్మ అంటించుకుని ఊరుకున్నాను. నాలుగు చక్రాలూ లాగే ఆ చిన్న బండిలో వర్షాకాలం మారేడుమిల్లి అడవిలోకి వెళ్ళాలని ముప్పై ఏళ్ళుగా కోరిక. "మారేడుమిల్లికి ఆర్టీసీ బస్సు వెళుతుంది" అంటుంది మా ఆవిడ. ఇలాంటి మాటలకు జవాబు ఉండదు.

సంచిలో టార్చిలైటు, స్క్రూడ్రైవరు, అయస్కాంతం, పాత దుప్పటి, ముప్పై ఏడు ప్రశ్నలు రాసుకున్న నోటుపుస్తకం ఉన్నాయి. బండి యజమాని అరుగు మీదే ఎదురొచ్చి, "రండి మాస్టారూ, ముందు కాఫీ" అన్నాడు. నేను కాఫీకి లొంగకుండా నేరుగా వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"మీరు ఇంత దూరం వస్తుంటే బండి మొరాయిస్తే బాగుండదని ఐదింటికే స్టార్టు చేసి ఉంచానండి" అన్నాడాయన వినయంగా. మొదటి ప్రశ్న కొట్టేశాను.

రెండోది అయస్కాంతం పరీక్ష. రేకు చొట్ట పడినచోట పుట్టీ నింపి రంగు వేస్తే కంటికి తెలియదు కాని, అయస్కాంతం అక్కడ నిలవదు. పెట్టాను, జారిపోయింది. తలుపు మీద పెట్టాను, జారింది. వెనుక, పక్కన, బానెట్ మీద, ఎక్కడ పెట్టినా జారి కిందపడింది. "బావా, ఈ బండి మొత్తం పుట్టీతోనే చేశారా?" అన్నాడు బావమరిది. నేను గంభీరంగా తల ఊపాను. ఇంతలో యజమాని భార్య ఇనుప బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. అనుమానం వచ్చి అయస్కాంతాన్ని ఆ బకెట్టుకు అంటించి చూశాను. అక్కడా జారింది. మా ఫ్రిజ్ మీద కరెంటు బిల్లును పట్టుకోవడమే దాని జీవితాశయం. అంతకు మించి దానికి చేతకాదు.

ఇక అసలు సంగతి, తుప్పు. ఇలాంటి బండికి ఇంజను పాడైతే బాగు చేయించుకోవచ్చు. బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాన్ని, అంటే చాసిస్‌ను, తుప్పు తినేస్తే దండం పెట్టి వదిలేయాలి. అందులోనూ ఇది రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి. ఉప్పునీటి బురద చాసిస్ సందుల్లో చేరి ఎండితే, కడిగేవాళ్ళు లేకపోతే, లోపలి నుంచి కొరుక్కుంటూ వస్తుంది. దుప్పటి పరుచుకుని బండి కిందికి దూరాను. ఆకు స్ప్రింగుల దగ్గర బాగానే ఉంది. డ్రైవరు కాళ్ళు పెట్టే చోట నల్లటి పెయింటు కాస్త ఉబ్బి కనిపించింది. అనుభవజ్ఞుడిలా స్క్రూడ్రైవరుతో మెల్లిగా తట్టాను. స్క్రూడ్రైవరు లోపలికి వెళ్ళిపోయింది. పిడి మాత్రమే నా చేతిలో మిగిలింది.

పైనుంచి యజమాని గొంతు వినిపించింది. "మాస్టారూ, ఇక్కడేదో మొలిచిందండీ."

తప్పు దొరికిన సంతోషంతో బయటికొచ్చాను. ఆయన బాధగా ఆ రంధ్రాన్ని చూస్తున్నాడు. "నిన్నటిదాకా లేదండి ఇది" అన్నాడు. నిజమే, నిన్న నేను లేను.

తరువాత చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చాను. ఒక అంకె మూడో ఎనిమిదో తేలక, కిరసనాయిలు గుడ్డతో రుద్దితే ఎనిమిదే అయింది. అద్దం పూర్తిగా దిగుతుందో లేదో చూద్దామని తిప్పితే, హ్యాండిలు దిగి నా చేతిలోకి వచ్చింది. అద్దం అక్కడే ఉంది.

మిగిలింది నాలుగు చక్రాల పరీక్ష. చిన్న లివరును నాలుగు చక్రాలూ లాగే 4హెచ్‌లోకి వేసి, ఊరి తారురోడ్డు మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం మొదలుపెట్టాను. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో బండి పట్టుబట్టి కుంటింది, టైర్లు కీచుమన్నాయి, స్టీరింగు బిగుసుకుంది. లివరు వెనక్కి రానంది. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. జిప్సీలో 4హెచ్ వేస్తే రెండు ఇరుసులనూ కలిపి కట్టేసినట్టే. బురదలో అయితే టైర్లు కాస్త జారి లెక్క సరిచేసుకుంటాయి. పొడి రోడ్డు మీద జారవు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికపడి కూర్చుంటుంది. పొడి రోడ్డు మీద వేయకూడదని ఇరవై తొమ్మిదో ప్రశ్న కింద ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా. నోటుపుస్తకం బావమరిది దగ్గర ఉంది. బావమరిది చెరువు గట్టు మీద కొబ్బరిబోండాం తాగుతున్నాడు.

మెకానిక్ మోపెడ్ మీద వచ్చాడు. బండిని తిన్నగా పది గజాలు వెనక్కి నడిపాడు. లివరు టక్కున వెనక్కి వచ్చింది. నా వైపు చూసి ఒక్క మాట కూడా అనకుండా ఐదు వందలు అడిగాడు. తిట్టినా బాగుండేది.

"భోజనం చేయకుండా వెళితే ఒప్పుకోను" అన్నాడు యజమాని. రొయ్యల ఇగురు, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. కడుపు నిండాక చేయి కడుక్కుంటుంటే ఆయన నా పక్కన నిలబడి, నా కంటే ఎక్కువ సిగ్గుపడుతూ లెక్క చెప్పాడు. చిల్లుకు వెల్డింగు ఎనిమిది వందలు, హ్యాండిలు నాలుగు వందల యాభై, మెకానిక్ ఐదు వందలు. మొత్తం 1,750. "పెట్రోలు వదిలేయండి, మీరు మావాళ్ళలాంటివారు." అంత ఇగురు తిన్న నోటితో బేరమాడటం ఎలా? ఇచ్చేశాను. డబ్బు పుచ్చుకున్నాక ఆ హ్యాండిలును న్యూస్‌పేపరులో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఖరీదు ఇచ్చారు కదండీ, ఇక ఇది మీదే."

తిరుగు బస్సులో బావమరిది, "మొత్తానికి కొన్నాం బావా" అన్నాడు.

పది రోజుల తరువాత మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. ఆ జిప్సీని అతనే కొన్నాడట. ఎంతసేపు చూసి కొన్నావని అడిగితే, "రంగు బాగుందండి" అన్నాడు. తలుపుకు హ్యాండిలు లేదని, అది నా దగ్గర ఉందని యజమాని అడ్రసు ఇచ్చాడట.

పొట్లం విప్పి అతని ముందు పెట్టాను. అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీరాడు. ఫోన్లో టార్చి వేసి పళ్ళ సందుల్లోకి చూశాడు. "తుప్పు ఉన్నట్టుందండీ. మీరు ఎన్నో ఓనరు?" అన్నాడు.

నేను వంటింట్లోకి కేకేసి, బాబు ఈ పూట మన ఇంట్లోనే భోంచేస్తాడని చెప్పాను.