నగరానికి చెట్టు కావలెను: అర్హతల పట్టిక

నగర వీధికి తగిన అలంకార వృక్షానికి ఉండవలసిన అర్హతలను ఒకచోట క్రోడీకరించడం అత్యవసరం. రోలరు తొక్కి రాయిలా చేసిన మట్టిలో, మీటరు గుంటలో అది బతకాలి. పొగను, తారు సెగను, నీటి ఎద్దడిని, మంచు కరగడానికి చల్లే ఉప్పును ఓర్చుకోవాలి. వేళ్లు కాలిబాటను ఎత్తకూడదు, కొమ్మలు కరెంటు తీగలను తాకకూడదు, కాయ రాలకూడదు, అయినా ఏటా విరగబూయాలి. ఇంతటి సహనం మనుషుల్లో దొరకదు కనుకనే ఈ పనిని కొత్త చెట్టు రకాలను రూపొందించే వృక్ష ప్రజననకారులకు అప్పగించాం.

వారు మనల్ని నిరాశపరచలేదు. అమెరికా వ్యవసాయ శాఖ 1963లో విడుదల చేసిన బ్రాడ్‌ఫర్డ్ పియర్ చెట్టు ఏ మట్టిలో నాటినా పెరిగింది, వసంతంలో తెల్లగా పూసింది, తన పుప్పొడితో తాను కాయ కట్టదు కనుక కాలిబాటను శుభ్రంగా ఉంచింది. పూలు కుళ్లిన చేపల కంపు కొట్టడం, ఇరుకు కోణంలో పుట్టిన కొమ్మలు చెట్టు ముదిరేసరికి గాలికి నిలువునా చీలిపోవడం మనం అడగకుండానే అందిన సౌకర్యాలు. మెచ్చుకొని అదే జాతికి చెందిన ఇతర రకాలను పక్కపక్కన నాటగా అవి పరస్పరం సంకరమై కాయలు కాశాయి, పక్షులు ఆ గింజలను పొలాలకూ అడవులకూ చేరవేశాయి. ఎక్కడైనా బతకగల చెట్టును కోరింది మనమే, అది అక్షరాలా అలాగే బతికింది. 2023లో ఒహాయో రాష్ట్రం దాని అమ్మకాన్ని నిషేధించడాన్ని కృతఘ్నత అనక తప్పదు.

నగరంలోని చెట్లలో ఒక జాతి 10 శాతం, ఒక ప్రజాతి 20 శాతం, ఒక కుటుంబం 30 శాతం మించకుండా నాటాలని 1990లో అమెరికా వృక్ష జన్యుశాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమోర్ సూచించారు. దీనివల్ల వీధి అందం చెడుతుంది. డచ్ తెగులుకు ఎల్మ్ చెట్లు పోయిన వీధుల్లో మనం వరసగా యాష్ చెట్లు నాటాం. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ, యాష్ చెట్లను తొలిచే పచ్చ పురుగు (ఎమరాల్డ్ యాష్ బోరర్) వాటినీ వరసగానే తినేసింది. అంటు కట్టిన ఒకే రకమైతే మరీ మేలు, అన్నీ ఒకేసారి ఎండుతాయి, నరకడానికి ఒక్క టెండరు చాలు.

గుంటను కాస్త పెద్దదిగా తవ్వితే మామూలు చెట్లే బతుకుతాయని కొందరు గొణుగుతున్నారు. దానివల్ల ఒక కారు నిలిపే చోటు పోతుందని వారికి తెలియదు కాబోలు. కొత్త రకాన్ని రూపొందించి పరీక్షించడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుందన్నదీ అభ్యంతరం కాదు. అది నర్సరీకి వచ్చేలోగా రోడ్డు వెడల్పు పని పూర్తవుతుంది, గుంట ప్రసక్తే ఉండదు.