మార్చిలోనే పడాల్సిన ఓటు

2022 నవంబరు 8న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒకే బ్యాలెట్ మీద ఇద్దరు రిపబ్లికన్లు ఓటడిగారు. గవర్నర్ పదవికి నిలబడ్డ బ్రయాన్ కెంప్‌కు 21 లక్షల 11 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. సెనేట్‌కు నిలబడ్డ హెర్షెల్ వాకర్‌కు పడ్డవి 19 లక్షల 8 వేలు. అంటే కెంప్‌కు ఓటేసిన వారిలో కనీసం రెండు లక్షల మంది, అదే బ్యాలెట్ మీద అదే పార్టీ తరఫున ఉన్న వాకర్ పేరు దగ్గర ఆగిపోయారు. కెంప్ గట్టి మెజారిటీతో గెలిచాడు. సెనేట్ పోటీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోవడంతో, వాకర్ డిసెంబరు 6న మొదటి ఇద్దరి మధ్య జరిగిన రెండో పోలింగు, అంటే రనాఫ్‌లో డెమొక్రాట్ రఫేల్ వార్నాక్ చేతిలో ఓడిపోయాడు.

ఆ రెండు లక్షల మంది ఊరేగింపులు తీయలేదు. పార్టీకి రాజీనామా లేఖలు రాయలేదు. ఆరు వారాలు దాటాక గర్భస్రావంపై ఆంక్ష పెట్టే చట్టం తెచ్చిన కెంప్‌ను కోరి గెలిపించుకున్నవాళ్లు ఉదారవాదులైపోయారని ఎవరూ అనలేరు. బ్యాలెట్‌లో ఒక్కో వరుసా చదివి, ఒక్కో మనిషినీ తూచి, తగడనుకున్న చోట చేయి వెనక్కి తీసుకున్నారు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో సంప్రదాయవాద ఓటరు ఎవరివైపు నిలబడాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మాకు ముందు గుర్తొచ్చేది వీళ్లే. ఆ ప్రశ్న మళ్లీ రాబోతోంది. రెండుసార్లు గెలిచిన డొనాల్డ్ ట్రంప్ మూడోసారి ఎన్నిక కావడానికి రాజ్యాంగ 22వ సవరణ ఒప్పుకోదు. 2028లో రిపబ్లికన్ పార్టీ కొత్త మనిషిని వెతుక్కోవాలి.

ప్రభుత్వం తన హద్దులో తాను ఉండాలనీ, పన్నులు తేలికగా ఉండాలనీ, తాహతుకు మించి అప్పు చేయకూడదనీ, మనిషిని తీర్చిదిద్దేది రాజధాని కంటే ముందు కుటుంబమూ, ప్రార్థనా మందిరమూ, ఊరి బడీ అనీ నమ్మేవాడు సంప్రదాయవాద ఓటరు. ఇలాంటి వాడికి చాలాకాలం ఎంపిక కష్టమనిపించలేదు. 1984లో రొనాల్డ్ రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు నమ్మకమూ పార్టీ గుర్తూ ఒకే దారిలో నడిచాయి. 2016 నుంచి ఆ దారి చీలింది.

చీలిక ఎంత లోతైనదో చూడాలంటే ఆ ఓటరు పొందినదీ పోగొట్టుకున్నదీ పక్కపక్కన పెట్టాలి. ట్రంప్ తొలి పదవీకాలంలో సుప్రీంకోర్టుకు ముగ్గురు న్యాయమూర్తులు వచ్చారు. ఆ బలంతోనే 2022 జూన్ 24న, గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి తీర్పును కోర్టు కొట్టేసింది. దాని కోసం యాభై ఏళ్లుగా ఏటా జనవరి చలిలో వాషింగ్టన్ వీధుల్లో నడిచిన మనిషికి అది చిన్న విషయం కాదు. 2017 చట్టంతో కంపెనీల పన్ను 35 శాతం నుంచి 21 శాతానికి దిగింది. మరోవైపు జాతీయ రుణం నాలుగేళ్లలో సుమారు 20 లక్షల కోట్ల డాలర్ల నుంచి 28 లక్షల కోట్ల దరిదాపులకు చేరింది. కొవిడ్ ఖర్చు అందులో పెద్ద భాగమే. కానీ అంతకు ముందు మంచి రోజుల్లోనూ అప్పు పెరుగుతూనే వచ్చింది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని వేదవాక్కులా చెప్పిన పార్టీ సుంకాల పార్టీ అయింది. 2020లో జాతీయ సదస్సు కొత్త విధాన పత్రం కూడా ఆమోదించలేదు. 2024లో ఆమోదించిన పత్రం 16 పేజీలు.

ఇక 2021 జనవరి 2. అధ్యక్షుడు ట్రంప్ జార్జియా ఎన్నికల బాధ్యతలు చూసే రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రఫెన్‌స్పెర్గర్‌కు ఫోన్ చేసి, తనకు 11,780 ఓట్లు వెతికిపెట్టాలన్నాడు. ఆ రాష్ట్రంలో ఆయన ఓడింది 11,779 ఓట్లతో. అప్పటికే 50 లక్షల బ్యాలెట్లను చేత్తో లెక్కపెట్టారు, ఆపైన యంత్రాలతోనూ మళ్లీ లెక్కించారు. రఫెన్‌స్పెర్గర్ రిపబ్లికన్. ట్రంప్‌కే ఓటేసినవాడు. అయినా కుదరదన్నాడు. ఆ సంభాషణలో తప్పేమీ లేదని ట్రంప్ అంటూ వచ్చాడు. మేము అలా అనుకోవడం లేదు. ముందు తరాల నుంచి అందిన వ్యవస్థలను చెడకుండా కాపాడి తర్వాతి తరానికి అప్పగించడమే సంప్రదాయవాదానికి అర్థమైతే, ఆ రోజు ఫోన్‌కు ఇవతలి పక్కన కూర్చున్న గుమాస్తా తరహా అధికారే అసలైన సంప్రదాయవాది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2022 మేలో, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో, జార్జియా రిపబ్లికన్ ఓటర్లు ట్రంప్ బలపరిచిన పోటీదారును కాదని రఫెన్‌స్పెర్గర్‌నే మళ్లీ నిలబెట్టారు.

అయితే అవతలి గుర్తుకు ఓటేయడం కూడా ఈ ఓటరుకు తేలిక కాదు. 2024లో డెమొక్రాట్ల తరఫున నిలిచిన కమలా హారిస్, 2019లో ఫ్రాకింగ్‌ను (భూగర్భంలో రాళ్లను నీటి ఒత్తిడితో పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతిని) నిషేధించాలన్నారు, ఆ తర్వాత ఆ మాట వదులుకున్నారు. ఏది నమ్మాలి? 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎక్కినప్పుడు కిరాణా బిల్లు చూసి గుండెలు బాదుకున్న ఇల్లాలికి ఏం చెబుతారు? గర్భస్థ శిశువుదీ ప్రాణమే అని మనసారా నమ్మే మనిషి, ఆ మాటకు పూర్తిగా ఎదురు నిలిచిన పార్టీని ఎన్నుకోవాలంటే లోపల ఎంత నలుగుతాడో బయటివాళ్లకు అర్థం కాదు. అలాంటివాడు చివరికి ముక్కు మూసుకుని తన పార్టీకే ఓటేస్తే, వాడిని నీతిలేనివాడని తిట్టిపోయడం అన్యాయం. తిట్లతో ఓటరు మారడు. ఇంకాస్త బిగుసుకుంటాడంతే.

ఈ అడకత్తెరలో పడ్డవాళ్లు తలో దారి తొక్కారు. మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ తన పాత నాయకుణ్ని బలపరచనని 2024 మార్చిలో చెప్పేశాడు. రిపబ్లికన్ మాజీ కాంగ్రెస్ సభ్యురాలు లిజ్ చెయినీ ఇంకా ముందుకెళ్లి, 1854లో రిపబ్లికన్ పార్టీ పుట్టిన విస్కాన్సిన్‌లోని రిపన్ ఊళ్లోనే హారిస్ పక్కన నిలబడింది. ఆ ఏడాది పార్టీ టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడ్డ నికీ హేలీ తాను నెలల తరబడి విమర్శించిన ట్రంప్‌కే ఓటేస్తానని మే 22న ప్రకటించింది. జార్జియాలో కెంప్, ప్రైమరీ పోలింగుకు వెళ్లి ఎవరి పేరూ ఎంచుకోకుండా వచ్చానని ఒప్పుకున్నాడు. నవంబరుకు వచ్చేసరికి పార్టీ టికెట్ వెంట నిలిచాడు. అదే రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా పనిచేసిన జెఫ్ డంకన్ 2022 రనాఫ్ ముందస్తు పోలింగులో గంటసేపు వరుసలో నిలబడి, యంత్రం ముందుకెళ్లి, ఇద్దరిలో ఎవరికీ ఓటేయలేక బయటికొచ్చాడు. రెండేళ్లకు డెమొక్రాటిక్ సదస్సు వేదికెక్కి హారిస్‌కు ఓటేయమన్నాడు.

వీళ్లలో ఎవరిదీ ద్రోహం కాదు. ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు నడిచారు. మా బాధ వేరు. ఇన్ని వేదనలూ దాదాపు అన్నీ అభ్యర్థి ఖరారయ్యాక పడ్డవే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న వేదనలు.

లెక్కలు చూడండి. 2016 ఫిబ్రవరి 20న దక్షిణ కరోలినా ప్రైమరీలో ట్రంప్‌కు పడ్డవి 32.5 శాతం ఓట్లు. మార్కో రూబియో, టెడ్ క్రూజ్ ఇద్దరూ 22 శాతం చొప్పున పంచుకున్నారు. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ సదస్సుకు ఆ రాష్ట్రం పంపే ప్రతినిధులు యాభై మందీ ట్రంప్ ఖాతాలోకే వెళ్లారు. మార్చి 1న జార్జియాలోనూ అదే కథ: ఆయనకు 39 శాతం లోపు, తక్కిన ఓట్లు చెల్లాచెదురు. ఆ ఏడాది మొత్తం ప్రైమరీల్లో సగం ఓట్లు కూడా రాని మనిషి పార్టీ అభ్యర్థి అయ్యాడు. నియమాల ప్రకారమే అయ్యాడు, అందులో మోసం లేదు. వద్దనుకున్నవాళ్లు ఒక్క పేరు మీదకు రాలేకపోయారు. 2024లో ఇంకా తొందరగా తేలిపోయింది. జనవరి 15న గడ్డకట్టే చలిలో అయోవాలో లక్షా పది వేల మంది కాకస్‌లకు, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఓటర్ల సమావేశాలకు, వచ్చారు. ట్రంప్‌కు 51 శాతం. మార్చి 6 నాటికి హేలీ తప్పుకుంది. అంటే ముప్పై మూడు కోట్ల మంది దేశంలో ఒక పెద్ద పార్టీ అభ్యర్థి ఎవరన్నది యాభై రోజుల్లో ముగిసిన ముచ్చట.

జార్జియా ప్రైమరీ ఆ తర్వాత ఆరు రోజులకు, మార్చి 12న జరిగింది. హేలీ బరిలో లేదు. పేరు మాత్రం బ్యాలెట్ మీద ఉంది. దానికి దాదాపు 78 వేల మంది ఓటేశారు. ముందస్తు పోలింగులో వేసినవాళ్లు కొందరు, మాట వినిపించాలని వేసినవాళ్లు కొందరు. గెలుపోటములకు పనికిరాని ఓటని తెలిసీ ఇంటి నుంచి కదిలిన ఆ రెండో రకం మనుషుల మీద మాకు గౌరవం ఉంది.

ఇదంతా తెలుగు పత్రికకు ఎందుకు పట్టాలి? అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సిత్ కౌంటీ, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ వైపు వెళితే జవాబు దొరుకుతుంది. అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇప్పుడు ఓటర్లు. వాళ్లలో డెమొక్రాట్లు చాలామందే. అయితే పన్నులు, పిల్లల చదువు, క్రమశిక్షణ, కుటుంబం మాటెత్తితే సంప్రదాయవాదుల పక్కన కూర్చునేవాళ్లూ ఉన్నారు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ మనిషికి, ఆ వరుసే లేకుండా సరిహద్దు దాటివచ్చేవాళ్ల మీద కోపం రావడం సహజం. అదే మనిషికి, ఇంకా హెచ్‌-1బీ మీదున్న తమ్ముడి గురించి తన పార్టీ సభల్లో వినిపించే మాటలు గుచ్చుకోవడమూ సహజమే. ఫోర్సిత్ కౌంటీలో 2016లో ట్రంప్‌కు 70 శాతం దాటిన ఓట్లు 2020లో 66 శాతం దగ్గరికి జారాయి. 11,779 ఓట్లతో తేలిన రాష్ట్రంలో ఇలాంటి కౌంటీ ఎటు ఒరిగితే అటు బరువే.

మన దగ్గరి నుంచి వెళ్లినవాడు వెంట తీసుకెళ్లిన అలవాటు ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చాకే ఓటరుకు అభ్యర్థి ముఖం కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరు నయమన్నదే మనకు తెలిసిన ఎన్నిక. అమెరికా వెళ్లాకా చాలామందికి ఎన్నికంటే నవంబరే. టికెట్ ఇచ్చే అధికారం అక్కడ తన చేతిలోనే ఉందన్నది తలకెక్కడానికి పదేళ్లు పడుతుంది. జార్జియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు చెప్పనక్కర్లేదు. ప్రైమరీ నాడు పోలింగు కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. అధిష్ఠానం గడప తొక్కకుండానే ఎవరికి టికెట్ దక్కాలో చెప్పే ఈ హక్కు, ఇక్కడ దశాబ్దాలుగా జెండా మోసిన కార్యకర్తకు లేదు.

ఇక్కడ ఒక మాట. 2024లో జేడీ వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి అయినప్పుడు, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు పేరు దేశమంతా మారుమోగింది. ఊరు మురిసిపోయింది, మేమూ మురిశాం. ఆ ఎన్నికల్లోనే హారిస్ గెలవాలని తమిళనాడులో ఆమె తాత ఊరు తులసేంద్రపురం గుళ్లో పూజలు జరిగాయి. ఆ సంతోషం బంధువులు పడాల్సింది. ఓటరు పడాల్సింది కాదు. మనమ్మాయి ఇంటాయన అన్న లెక్కన అధ్యక్షుణ్ని ఎంచుకుంటే, వదిలొచ్చామనుకున్న కుల లెక్కలనే కొత్త నేల మీద నాటినట్టు.

మరి మార్చిలో ఆ ఓటరు ఏం చూడాలి? సుంకాల మీదా, పన్నుల మీదా, ఉక్రెయిన్ మీదా ఏ అభ్యర్థి ఎలాంటి మాట చెబుతాడో అతనికి మేం చెప్పాల్సిన పని లేదు. అతనికే బాగా తెలుసు. మేం కోరేది, వాటికంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోమని. ఓడిపోతే ఈ మనిషి ఓడిపోయానని ఒప్పుకుంటాడా? కోర్టు కాదంటే ఆగుతాడా? ఇది డెమొక్రాట్లు అడగాల్సిన ప్రశ్న అని కొందరు రిపబ్లికన్లు అనుకుంటున్నారు. అధికారానికి హద్దులుండాలని రెండు శతాబ్దాలుగా చెబుతున్నవాళ్లు ఎవరు? పన్ను రేటు తప్పయితే నాలుగేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. ఓటమిని ఒప్పుకోని మనిషిని మార్చుకోవడానికి ఓటే మిగలకపోవచ్చు. నవంబరులో ఈ ప్రశ్న వేసుకుంటే అవతలి పార్టీని భరించాలా అన్న రెండో ప్రశ్న దానికి అడ్డొస్తుంది. మార్చిలో ఆ అడ్డు లేదు. బరిలో ఉన్నవాళ్లందరూ తక్కువ పన్నులే కావాలంటారు, సంప్రదాయవాద న్యాయమూర్తులనే నియమిస్తామంటారు. వాళ్లలో నిజాయతీ ఉన్నవాణ్ని ఎంచుకుంటే నమ్మకాల్లో ఒక్కటీ వదులుకోనక్కర్లేదు.

2024 మార్చిలో జార్జియా రిపబ్లికన్ ప్రైమరీలో పడ్డ ఓట్లు ఆరు లక్షల లోపే. నవంబరులో అదే రాష్ట్రంలో ట్రంప్‌కు పడ్డవి 26 లక్షల 60 వేలు. పోటీ అప్పటికే ముగిసిందన్నది నిజమే, అయినా అంత తేడా ఉండాల్సింది కాదు. నవంబరు బ్యాలెట్ చాంతాడంత ఉంటుంది: అధ్యక్షుడు, కాంగ్రెస్ సభ్యుడు, కౌంటీ కమిషనర్, స్కూలు బోర్డు, రాజ్యాంగ సవరణలు. జార్జియాలో మార్చి బ్యాలెట్ మీద ఉండేది అధ్యక్ష పదవి ఒక్కటే. తెర మీద ఒక పేరు తాకితే యంత్రం కాగితం ముద్రించి ఇస్తుంది. దాని మీద ఉన్నది తాను ఎంచుకున్న పేరే అవునో కాదో చదువుకుని స్కానర్‌లో పెట్టాలి. బయటికొచ్చేటప్పుడు పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ చేతికిస్తారు. పని ఎగ్గొట్టకుండానే, పిల్లల్ని బడి దగ్గర దించేసి ఆఫీసుకెళ్లే దారిలో అయిపోతుంది.