గోడల్లేని ఆఫీసుకి పర్లాకిమిడి నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ న్యూక్లియోలస్ వారి సముఖానికి,

పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకి జీవశాస్త్రం ట్యూషన్ చెప్పుకునే మాస్టారు వ్రాసుకొను అర్జీ ఏమనగా:

మొన్న ఆదివారం మీ దర్శనమైంది. ఉల్లిపొర ఒలిచి, అయోడిన్ చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెడితే కేంద్రకం లోపల రెండు చుక్కలుగా కనబడ్డారు. కణానికి ప్రోటీన్లు చేసిపెట్టే యంత్రాలు, అంటే రైబోసోమ్‌లు, తయారయ్యే ఆఫీసు మీరేనని పిల్లలకి చెప్పాను. ఓ పిల్ల ఒంటికన్నుతో చాలాసేపు చూసి, "మాస్టారూ, ఇంత ఆఫీసుకి గోడలు లేవేంటండీ?" అంది.

నిజమే, మీకు పొర లేదు. చారు మీద నూనె బొట్టు తన మానాన తాను గుండ్రంగా నిలబడినట్టు, ఆర్‌ఎన్‌ఏలూ ప్రోటీన్లూ గుమిగూడి మీరయ్యారు. గోడ లేదు గనక గేటు లేదు, గేటు లేదు గనక అక్కడ స్టూలేసుకుని కూర్చునే మనిషి లేడు, ఆయన లేడు గనక "సార్ లంచ్‌కి వెళ్లారు" అన్న మాటే లేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

మా అబ్బాయి సర్టిఫికెట్ కోసం ఏడు నెలలుగా తిరుగుతున్నాను. ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ అక్కడికే పోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు పడింది, ఏటి అవతల పాతపట్నం అటు ఉండిపోయింది. వాడు పదో తరగతి అక్కడ అమ్మమ్మగారింట్లో ఉండి చదివాడు. ఆ మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందుంది, ఇక్కడి కాగితాల్లో వెనకుంది. "ఇద్దరూ ఒకడే అని రుజువేంటి?" అన్నాడు గుమస్తా. వాణ్ణే తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టాను. కాగితం కావాలన్నాడు.

మీ దగ్గర మాత్రం తిరగడం లేదా? మా కంటే ఎక్కువే. రైబోసోమ్‌కి కావలసిన ప్రోటీన్లు సుమారు 80. అవి మీ దగ్గర తయారు కావు. కేంద్రకం బయట పాత రైబోసోమ్‌లే వాటిని చేసి లోపలికి పంపాలి. ఆర్‌ఎన్‌ఏల్లో 5 ఎస్ అనే చిన్నది వేరే చోట నుంచి వస్తుంది. నాలుగింటిలో తక్కిన మూడూ ఒకే పొడుగాటి చుట్టగా మీ దగ్గరే పుడతాయి. మనిషిలో ఆ చుట్ట దాదాపు 13 వేల అక్షరాలు, కత్తిరింపులయ్యాక మిగిలేది 7 వేలు. అంటే సగానికి సగం చెత్తబుట్టలోకి! మా గుమస్తాకి తెలిస్తే, ఆ పోయిన ముక్కలకి కూడా అఫిడవిట్ అడుగుతాడు.

పైగా మీ పనిలో చెయ్యి పెట్టే సహాయక ప్రోటీన్లు 200 పైనే. ఒకటి మడత పెడుతుంది, ఒకటి పట్టుకుంటుంది, ఒకటి కోస్తుంది, తన పని కాగానే తప్పుకుంటుంది. ఈ తప్పుకోవడం దగ్గరే నాకు కళ్లు చెమర్చాయి. మా వాళ్లు ఫైలు మీద చెయ్యి వేశారంటే తియ్యరు.

అంతమంది చేతుల్లో పడి కూడా, జోరుగా పెరిగే ఒక్క ఈస్ట్ కణంలో నిమిషానికి దాదాపు 2,000 రైబోసోమ్‌లు తయారవుతాయట. నిమిషానికండీ! నాకు కావలసింది ఒకటి.

లెక్కల్లో మాత్రం మీరూ మావాళ్లలాంటివారే అనుకున్నాను. రైబోసోమ్‌లో పెద్దముక్క 60 ఎస్, చిన్నముక్క 40 ఎస్, రెండూ కలిస్తే 80 ఎస్. "మిగతా ఇరవై ఎవరు తిన్నారు మాస్టారూ?" అని వెనక బెంచీ నుంచి కేక. మీ పరువు నేనే కాపాడాను. ఎస్ అంటే బరువు కాదర్రా, గిర్రున తిప్పే యంత్రంలో ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో చెప్పే కొలత, ఆకారం మారితే అదీ మారుతుంది, కూడికలు కుదరవు అని చెప్పాను. వాడు నమ్మినట్టు లేడు. వాళ్ల నాన్న కాంట్రాక్టరు.

ఇంకో సంగతి. ఆ రెండు ముక్కల్నీ మీరు విడివిడిగానే కేంద్రకం రంధ్రాల గుండా బయటికి పంపుతారు. పెద్దముక్కకి ఒక ప్రోటీన్‌ని సీలులా అడ్డం పెడతారు, తొందరపడి చిన్నముక్కతో జతకట్టకుండా. సీలు ఊడేదీ, చిన్నముక్క ఆర్‌ఎన్‌ఏకి ఆఖరి కత్తెర పడేదీ పొలిమేర దాటాకే. ఏరు దాటితే గానీ పని పూర్తికాకపోవడం మా అబ్బాయి కేసులోనూ ఉంది. కాకపోతే వాడు దాటిన ప్రతిసారీ కొత్త సీలు పడుతోంది.

అన్నిటికంటే నాకు కుళ్లు పుట్టించింది మీ అలారం. మీ దగ్గర పని ఆగిపోతే, బిగించకుండా మిగిలిపోయిన రెండు ప్రోటీన్లు ఆ 5 ఎస్‌ని వెంటబెట్టుకెళ్లి, కణం విభజనకి బ్రేకు వేసే పీ53 అనే ప్రోటీన్‌ని అణిచిపెట్టే ఎండీఎం2 అనే ఇంకో ప్రోటీన్‌ని పట్టుకుంటాయి. అంతే, పీ53 లేచి కూర్చుంటుంది, కణం విభజన ఆపేస్తుంది. ఫైలు కదల్లేదని ఊరంతా బంద్! మా దగ్గర ఏడు నెలలకీ ఫ్యాను కూడా ఆగలేదు.

కణం విభజన చెందేటప్పుడు మీరు పూర్తిగా కరిగి మాయమవుతారని కూడా పిల్లలకి చెప్పాను. విభజన కాగానే మళ్లీ, మనిషిలో అయితే 13, 14, 15, 21, 22 క్రోమోజోముల దగ్గర, సీట్లు మారకుండా, పని మొదలుపెడతారట. మా ఆఫీసు ఎన్నికలకి కరిగింది. ఫలితాలొచ్చి నెలైంది.

కాబట్టి తమరు దయతలచి, మా గుమస్తాని ఒక్క వారం తమ దగ్గర డెప్యుటేషన్ మీద ఉంచుకోవలసిందిగా ప్రార్థన. స్టూలు వెంట పంపుతాం.

ఇట్లు,
తమ విధేయుడు
(ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఇంకా తేలలేదు)

జతపరచినవి: ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, ఉల్లిపొర ఒకటి.